రాజమండ్రి చరిత్రలో ముఖ్య ఘట్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరికి వచ్చే చుట్టాలు, పిల్లలను వెంటబెట్టుకొచ్చే టీచర్లు, ప్రాజెక్టు రాసుకునే విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అడిగిన ప్రతిసారీ గోదావరి గట్టు మీద నిలబడి నోటితో చెప్పే జవాబులనే ఇక్కడ రాసి పెట్టాను. కొన్నిటికి పెద్ద జవాబు, కొన్నిటికి రెండు మాటలు. నాకు ఇష్టమైన చోట ఎక్కువసేపు ఆగాను.

అసలు ఊరి పేరు ఏది? రాజమండ్రా, రాజమహేంద్రవరమా?

రెండూ ఒకటే. శాసనాల్లో, కావ్యాల్లో ఉన్న పేరు రాజమహేంద్రవరం. జనం నోట నలిగి రాజమండ్రి అయింది. ఇంగ్లీషు వాళ్ళు తమ నోటికి తిరిగినట్టు రాసుకున్నారు, కాగితాల మీద అదే నిలిచిపోయింది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పేరునే మళ్ళీ అధికారికం చేసింది. ఇప్పుడు బోర్డుల మీద రాజమహేంద్రవరం అని ఉంటుంది, బస్సులో కండక్టరు మాత్రం రాజమండ్రి అనే అరుస్తాడు.

ఆ రాజమహేంద్రుడు ఎవరన్న దానిపై పండితుల్లో రెండు వాదాలున్నాయి. రాజమహేంద్ర బిరుదున్న మొదటి అమ్మరాజు పేరు మీద వెలిసిందని కొందరు, రాజరాజ నరేంద్రుడి పేరు మీదనే అని ఇంకొందరు అంటారు. ఇద్దరూ తూర్పు చాళుక్యులే.

రాజరాజ నరేంద్రుడు అంత ముఖ్యుడు ఎందుకయ్యాడు? ఆయన పెద్ద యుద్ధాలు గెలిచాడా?

ఆయన పాలన అంత సుఖంగా సాగలేదు. 1022లో పట్టాభిషేకం జరిగింది కానీ సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం పోరు తప్పలేదు. తల్లి కుందవ చోళ రాజరాజు కూతురు, భార్య అమ్మంగదేవి చోళ రాజేంద్రుడి కూతురు. అంటే అటు అమ్మమ్మ ఊరూ, ఇటు అత్తవారి ఊరూ కావేరి ఒడ్డునే. చోళుల అండ లేకపోతే ఆ సింహాసనం నిలిచేది కాదు. ఆయన కొడుకే తరువాత కులోత్తుంగ చోళుడై తమిళదేశాన్ని ఏలాడు. గోదావరి ఒడ్డు పిల్లవాడు కావేరి ఒడ్డున చక్రవర్తి అయ్యాడన్న మాట చెప్పగానే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి.

ఆ యుద్ధాలు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. ఆయన నన్నయను పిలిచి మహాభారతాన్ని తెలుగులో చెప్పమని అడిగిన మాట మాత్రం వెయ్యేళ్ళుగా గుర్తుంది. తెలుగులో మనకు మిగిలిన కావ్యాల్లో మొదటిది ఆ మాటతోనే మొదలైంది. నన్నయ ఆది, సభా పర్వాలు ముగించి, అరణ్య పర్వంలో కొంత రాసి ఆగిపోయాడు. ఆయన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. వర్షాకాలం పోయి, గోదారి నీళ్ళు తేటపడ్డాక అక్టోబరు రాత్రి ఒకసారి గట్టు మీద కూర్చుంటే ఆ పద్యం ఎక్కడ నుంచి వచ్చిందో అర్థమవుతుందని నా నమ్మకం.

నన్నయకు తోడుగా ఉన్న నారాయణభట్టును చాలామంది మరిచిపోతారు. అర్జునుడికి కృష్ణుడిలా తోడ్పడ్డాడని నన్నయే చెప్పుకున్నాడు. 1053 నాటి నందంపూడి శాసనంలో రాజు నారాయణభట్టుకు ఆ ఊరిని దానమిచ్చిన సంగతి ఉంది. ఆ శాసనం రాసినవాడు నన్నయే. స్నేహితుడికి వచ్చిన బహుమతి పత్రాన్ని తన చేత్తో రాసిపెట్టాడన్నమాట. 1922లో రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్ళు నిండినప్పుడు ఊళ్ళోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ప్రత్యేక సంచిక వేసింది. ఇంత పాత సంగతిని పట్టుకుని పుట్టినరోజులా పండగ చేసుకున్న ఊరు ఇది.

ఆ రాజు కోట ఎక్కడుంది? చూడొచ్చా?

చూడటానికి కోట లేదు, పేరు ఉంది. గోదావరి స్టేషన్ దగ్గర కోటగుమ్మం అనే సెంటర్ ఉంది. ఆటోవాళ్ళు రోజూ వందసార్లు ఆ పేరు అంటారు. ఒకప్పుడు అక్కడ కోట గుమ్మం ఉండేది.

చాళుక్యుల తరువాత ఇంగ్లీషు వాళ్ళు వచ్చేదాకా ఏం జరిగింది?

ఊరు చాలాసార్లు చేతులు మారింది. కాకతీయుల తరువాత ఢిల్లీ సేనలు, ఆ తరువాత రెడ్డిరాజులు, గజపతులు, కొన్నాళ్ళు శ్రీకృష్ణదేవరాయలు, గోల్కొండ కుతుబ్ షాహీలు, నిజాము, మధ్యలో ఫ్రెంచివాళ్ళు. ఈ వరసలో నాకు ప్రియమైన ముక్క రెడ్డిరాజుల కాలం. కొండవీడులో వెలిగిన శ్రీనాథుడు ఇక్కడికి వచ్చి వీరభద్రారెడ్డి కొలువులో కూర్చుని కాశీఖండం అంకితమిచ్చాడు. కవులను పిలిచి కూర్చోబెట్టడం ఈ ఊరికి నన్నయ నాటి నుంచీ అలవాటే.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనకూ, కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేనకూ యుద్ధం జరిగింది. విజయనగరం రాజు ఆనందగజపతి ఇంగ్లీషు వాళ్ళకు తోడు వెళ్ళాడు. ఓడిన ఫ్రెంచివాళ్ళు పారిపోయి రాజమండ్రి చేరారు, ఇంగ్లీషు వాళ్ళు వెంటపడి కోటను పట్టుకున్నారు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీకి దక్కాయి.

ధవళేశ్వరం ఆనకట్ట రాజమండ్రి చరిత్రలోకి ఎలా వస్తుంది? అది వేరే ఊరు కదా?

ఇప్పుడు రెండు ఊళ్ళూ కలిసిపోయాయి, మధ్యలో ఖాళీ లేదు. కలవక ముందు కూడా ఆ ఆనకట్టే రాజమండ్రి బతుకును మార్చింది.

1830ల్లో ఈ జిల్లా పరిస్థితి వింటే నమ్మబుద్ధి కాదు. ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. పక్కన ఇంత పెద్ద నది పారుతుండగా జనం తిండి లేక చచ్చిపోయారు, ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నీళ్ళు లేక కాదు, నీళ్ళను ఆపి పొలానికి మళ్ళించే దారి లేక. ఆ సంగతి లెక్కలతో సహా రాసి మద్రాసు ప్రభుత్వానికి పంపినవాడు ఆర్థర్ కాటన్. 1847లో పని మొదలై 1852కి పూర్తయింది.

ఎలా కట్టారన్నదే నాకు ఎప్పటికీ ఆశ్చర్యం. ధవళేశ్వరం దగ్గర నది ఆరు కిలోమీటర్ల వెడల్పు, అడుగున అంతా ఇసుక. రాతి పునాది దొరకదు. కాటన్ అంతకుముందు తంజావూరు వైపు కావేరి మీద పనిచేశాడు. అక్కడ చోళుల కాలపు కల్లణై అనే ఆనకట్ట వందల ఏళ్ళుగా ఇసుక మీదే నిలబడి ఉండటం చూశాడు. ఇసుకలో రాళ్ళు దించి దాని మీద కట్టు కట్టే పద్ధతి మన పాతవాళ్ళ దగ్గరే నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. రాజరాజ నరేంద్రుడికి పిల్లనిచ్చిన చోళుల దేశం నుంచే ఇంకో ఎనిమిది వందల ఏళ్ళకు ఆనకట్ట కట్టే తెలివి కూడా వచ్చిందన్నమాట.

నది మధ్యలోని లంకలను వాడుకుని ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. పక్కనున్న కొండ నుంచే రాయి తీశారు. మధ్యలో కాటన్ వడదెబ్బ తగిలి జబ్బుపడి సెలవు మీద వెళితే కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. కూలీలను కూడగట్టి వాళ్ళతో మాట్లాడి పని చేయించిన వీణెం వీరన్న పేరు కూడా చెప్పుకోవాలి. ఊళ్ళలో కాటన్ విగ్రహాలు లెక్కలేనన్ని ఉన్నాయి, వీరన్న పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే ఎవరు అడిగినా నేను రెండు పేర్లూ కలిపే చెబుతాను.

ఇప్పుడు మీరు కారులో దాటేది ఆ పాత ఆనకట్ట కాదు. దాని స్థానంలో 1970, 80ల నాటి బ్యారేజీ ఉంది, దానికి కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. గోదావరి స్నానం చేసేటప్పుడు కాటన్‌ను భగీరథుడంటూ తలచుకునే సంస్కృత శ్లోకం ఇప్పటికీ కొందరు పురోహితులు చెబుతారు. పరాయి ప్రభుత్వపు ఉద్యోగిని జనం ఇలా దణ్ణం పెట్టి తలచుకోవడం చిన్న సంగతి కాదు. తిండి పెట్టిన చేతిని మరిచిపోకపోవడం గోదావరి జిల్లాల సంస్కారం.

1881 డిసెంబరు 11న ఏం జరిగింది? ఆ తేదీ ఎందుకు అంత గొప్పది?

ఈ పేజీ మొత్తంలో ఒకటే జవాబు చదువుతానంటే ఇది చదవండి.

ఆ రోజు రాత్రి కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇంట్లో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. పెళ్ళికూతురు గౌరమ్మ, భర్త పోయిన చిన్నపిల్ల. ఆంధ్రదేశంలో జరిగిన మొదటి వితంతు వివాహం అది.

ఆ కాలంలో ఐదేళ్ళకూ, ఏడేళ్ళకూ పెళ్ళిళ్ళు చేసేవారు. మొగుడు ఎవరో సరిగా తెలియని వయసులోనే ఆ మొగుడు చనిపోతే, ఆ పిల్ల బతికినన్నాళ్ళూ తల గొరిగించుకుని, ఒంటిపూట తిండితో, శుభకార్యాల్లో ఎవరి కంటా పడకుండా ఇంటి మూలన బతకాలి. అందరికీ తెలిసిన దుఃఖమే. ప్రతి వీధిలో ఉన్నదే. దాని గురించి మాట్లాడిన వాళ్ళు తక్కువ.

పంతులు గారు జమీందారూ కాదు, కలెక్టరూ కాదు. ఇక్కడి ప్రభుత్వ బడిలో తెలుగు పండితుడు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టాడు, అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టాడు. వితంతువులకు పెళ్ళి చేయడం శాస్త్రసమ్మతమే అని సభలు పెట్టి వాదించాడు. వాదనలు ఎన్నయినా వింటారు, పెళ్ళి చేస్తానన్నప్పుడు మాత్రం ఊరు భగ్గుమంది. డబ్బు సాయం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు చేశారు. పెళ్ళి జరిగే చోట పోలీసులు కాపలా ఉన్నారు. పంతులు గారి దగ్గర చదువుకునే కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని తోడు నిలిచారు. నాలుగు రోజులకే, డిసెంబరు 15న, రెండో పెళ్ళి కూడా చేశారు.

తరువాత వెలి. పిలుపులు ఆగిపోయాయి. వంటవాళ్ళు రాలేదు, పురోహితులు మొహం చాటేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు బిందె పట్టుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నారు. పెళ్ళివాళ్ళకు వంట చేసిపెట్టారు. ఆసరా లేక ఇంటికి చేరిన ఆడపిల్లలకు తల్లి అయ్యారు. చరిత్ర పుస్తకంలో ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నాకు మాత్రం ఆ ఘట్టం అనగానే దారి పొడవునా నోళ్ళు నొక్కుకుంటున్న జనం మధ్య నుంచి నీళ్ళ బిందెతో నడిచొస్తున్న ఆవిడే కనిపిస్తుంది.

వీరేశలింగం గారివి చూడదగ్గ చోట్లు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. ఆయన ఇల్లు మ్యూజియంగా ఉంది. 1890లో సొంత డబ్బుతో ఊరికి కట్టించిన టౌన్ హాలు ఉంది. అప్పట్లో ఊళ్ళో నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది అంటూ ఉండాలని ఒక బడిపంతులికి తోచడం, తోచిన వెంటనే తనే కట్టించడం ఊహించుకోండి. ఆస్తినంతా హితకారిణి సమాజానికి రాసిచ్చాడు. ఆ సంస్థ బడులు, కాలేజీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆయన తోటలోనే దంపతుల సమాధులున్నాయి. వెళ్ళినప్పుడు కాసేపు కూర్చోండి.

గోదావరి మీద మొదటి రైలు వంతెన ఎప్పుడు వచ్చింది?

1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైళ్ళు వదిలారు. అంత పెద్ద నది మీద మూడేళ్ళలోపే. దాదాపు 2.7 కిలోమీటర్ల పొడవు, స్తంభాల మధ్య 56 అంకణాలు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీద హేవ్‌లాక్ వంతెన అన్నారు. అంతకు ముందు మద్రాసు, కలకత్తా మధ్య వెళ్ళేవాళ్ళు ఇక్కడ రైలు దిగి, పడవలో నది దాటి, అవతల మళ్ళీ రైలెక్కాల్సి వచ్చేది. వరద రోజుల్లో ఆ దాటడం ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

దాదాపు వందేళ్ళు రైళ్ళు మోసి 1997లో ఆ వంతెన విశ్రాంతి తీసుకుంది. ఇప్పటికీ నిలబడే ఉంది.

మరి ఇప్పుడు ఫోటోల్లో కనిపించే వంతెన ఏది?

విల్లులా వంగిన తెల్లటి కాంక్రీటు కమానులున్నది 1997లో పూర్తయిన మూడో వంతెన. రైళ్ళకు మాత్రమే. కమానులు 28. దాని పైన, పడమటి వైపు పొద్దు గుంకుతుంటే తీసిన ఫోటోనే అందరి ఫోన్లలో ఉంటుంది.

రెండోది 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, కింద రైలు, పైన రోడ్డు. కొవ్వూరు నుంచి ఊళ్ళోకి బస్సులో మొదటిసారి వచ్చేవాళ్ళు కిటికీ పక్క సీటు పట్టుకోవాలి. నాలుగోది 2015లో తెరిచిన రోడ్డు వంతెన.

1907లో వందేమాతరం ఉద్యమం ఇక్కడ అంత బలంగా ఎందుకు వచ్చింది?

ఊరి నిండా చదువుకునే కుర్రాళ్ళు ఉండబట్టి. ఆర్ట్స్ కాలేజీ, టీచర్ ట్రైనింగ్ కాలేజీ రెండూ ఇక్కడే ఉండేవి. చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లలు వచ్చి చదువుకునేవారు. 1905లో బెంగాలును రెండు ముక్కలు చేశారన్న కోపం పేపర్ల ద్వారా వీళ్ళకూ అంటింది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ వచ్చాడు. కొన్ని రోజులు ఇక్కడే ఉండి సభల్లో మాట్లాడాడు. ఇంగ్లీషులో ఆయన చెబుతుంటే ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. అప్పటికే ఆయనకు చూపు బాగా మందగించింది. చేతిలో కాగితం లేదు, ఉన్నా చదవలేరు. విన్నది విన్నట్టు మనసులో పెట్టుకుని, నిండు సభలో తెలుగు చేసి చెప్పారు. ఆ సభల్లోనే ఆశువుగా ఒక పద్యం చెప్పారు: భరతఖండం మంచి పాడి ఆవు, మనం ఏడుస్తున్న దూడలం, తెల్లవాళ్ళు గడుసు గొల్లవాళ్ళు, దూడల మూతులు బిగించి పాలు పిండుకుంటున్నారు. పది పేజీల వ్యాసం చేయలేని పని ఆ నాలుగు పాదాలు చేశాయి. పాడి ఉన్న ఏ ఇంటివాడికైనా మూతి కట్టిన దూడ ఎలా చూస్తుందో తెలుసు. ఆ పద్యం అందుకే రైతుల ఇళ్ళ దాకా పోయింది.

తరువాత కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళ్ళారు. ట్రైనింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ హంటర్ దొర వద్దన్నాడు. వీళ్ళు తీయలేదు. ముందు నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి బయటకు పంపేశారు. అప్పటికే ఎం.ఏ. చదివిన మనిషి, ఇంకొన్ని నెలలు నోరు మూసుకుంటే గౌరవమైన సర్కారు ఉద్యోగం వచ్చేది. మరుసటి ఏడు బెజవాడలో స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్ళాడు. తరువాత జీవితమంతా గ్రంథాలయ ఉద్యమానికి, వయోజనుల చదువుకు ఇచ్చాడు.

చిలకమర్తి వారి గురించి ఇంకో మాట. 1909లో అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకు ఆయన ఊళ్ళో బడి పెట్టారు. సభలో పద్యం చెప్పినంత సులువు కాదు ఆ పని.

సెంట్రల్ జైలుకు చరిత్ర ఉందంటారు, నిజమేనా?

నిజమే. మొదట అది డచ్చివాళ్ళ కోట. 1864లో జైలయింది. స్వాతంత్ర్య ఉద్యమంలో ఎంతోమంది ఇక్కడ శిక్ష అనుభవించారు. వాళ్ళలో దువ్వూరి సుబ్బమ్మ గారి పేరు ముందు చెప్పాలి. కడియం వాస్తవ్యురాలు, చిన్నతనంలోనే భర్త పోయారు. పురాణం చెప్పినంత ధారగా స్వరాజ్యం గురించి మాట్లాడేవారు. 1922లో ఏడాది జైలు శిక్ష పడింది. ఆంధ్రలో రాజకీయ కారణంతో జైలుకు వెళ్ళిన మొదటి మహిళ ఆవిడే. వీరేశలింగం గారు మొదటి పెళ్ళి చేసి అప్పటికి నలభై ఏళ్ళు. ఇంట్లో మూలన కూర్చోమన్న స్త్రీలలో ఒకరు జైలు గుమ్మం దాకా తల ఎత్తుకుని నడిచారు.

దామెర్ల రామారావు ఎవరు? ఆ ఆర్ట్ గ్యాలరీ చూడదగ్గదేనా?

తప్పకుండా చూడాలి. 1897లో ఈ ఊళ్ళో పుట్టాడు, 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే ఆంధ్రుల చిత్రకళకు తనదంటూ ఒక దారి వేశాడు.

ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ఈ కుర్రాడి బొమ్మలు చూసి, బొంబాయి జె.జె. కళాశాలలో చదువుకోవడానికి సాయం చేసి పంపాడు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. హంటర్, కూల్డ్రే ఇద్దరూ ఈ ఊళ్ళో ప్రిన్సిపాళ్ళే. ఒకరు విద్యార్థిని గెంటేసి గుర్తుండిపోయారు, ఒకరు విద్యార్థి చేయి పట్టుకుని గుర్తుండిపోయారు. టీచర్లు వచ్చినప్పుడు ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

చదువు ముగించి రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. తిరిగొచ్చి ఇక్కడే చిత్రకళ నేర్పే బడి పెట్టాడు. ఆయన గీసినవాటిలో గోదావరి ఒడ్డు మనుషులు, ఆ చీరకట్టు, ఆ చెట్లు కనిపిస్తాయి. ఆయన పోయాక భార్య సత్యవాణి గారు, స్నేహితులు బొమ్మలను చెదరకుండా కాపాడారు. అందుకే ఈనాడు గ్యాలరీ ఉంది.

గౌతమీ గ్రంథాలయం ఎంత పాతది?

దాని మూలాలు పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటివి. వాసురాయ గ్రంథాలయం, నాళం కృష్ణారావు గారు పెట్టిన గ్రంథాలయం కలిసి గౌతమీ అయింది. తాటాకు ప్రతులు, ఇంకెక్కడా దొరకని పాత పత్రికలు ఉన్నాయి. పరిశోధన చేసేవాళ్ళు దూర ప్రాంతాల నుంచి వచ్చి రోజుల తరబడి కూర్చుంటారు.

గోదావరి వరదల్లో అన్నిటికన్నా పెద్దది ఏది?

1986 ఆగస్టు 16. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఇది గుర్తుంచుకోండి: ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక నాటి ప్రవాహం సుమారు 17 లక్షల క్యూసెక్కులు. 1986లో వచ్చింది దానికి రెట్టింపు. పైన భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైంది. కింద కోనసీమలో గట్లు తెగి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. అంతకు ముందు పెద్దవాళ్ళు 1953 వరదను చెప్పుకునేవారు. ఇప్పుడు మా తరం 1986ను చెబుతుంది. 2022 జూలైలో మళ్ళీ 25 లక్షలు దాటినప్పుడు రాత్రి నిద్రపోకుండా టీవీ ముందు కూర్చున్న ఇళ్ళు ఎన్నో.

వరద గోదారిని చూడటానికి జనం గట్టు మీదికి వస్తారు. ఎర్రటి నీళ్ళు, కొట్టుకొచ్చే మానులు, పై ఊళ్ళ నుంచి కొట్టుకొచ్చిన గడ్డివాములు. చూడొచ్చు, కానీ దూరం నుంచి. రేవు మెట్లు దిగకండి.

పుష్కరాలు ఎప్పుడు? 2015లో జరిగిన ప్రమాదం గురించి చెప్తారా?

బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు, పన్నెండేళ్ళకు ఒకసారి. 2003లో, 2015లో జరిగాయి. మళ్ళీ 2027లో వస్తాయి.

2015 జూలై 14, మొదటి రోజు ఉదయం, గోదావరి స్టేషన్ దగ్గరున్న పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. కనీసం 27 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మొదటి రోజు, మొదటి ఘడియలో, ఆ ఒక్క రేవులోనే మునగాలన్న ఆత్రం అందరినీ ఒకే ఇరుకు చోటికి తెచ్చింది. పన్నెండు రోజులు పుష్కరాలే, ఊరి పొడవునా రేవులున్నాయి, నీళ్ళు అన్నిటిలోనూ అవే. కోటిలింగాల రేవు ఎంత పొడవో చూడండి. 2027లో మీ ఇంట్లో పెద్దవాళ్ళు వస్తామంటే మొదటి రోజు వద్దని, నాలుగో రోజో ఐదో రోజో తీసుకొస్తామని ఇప్పటి నుంచే నచ్చజెప్పండి.

ఇంత పాత ఊరు జిల్లా కేంద్రం ఎందుకు కాలేకపోయింది?

కంపెనీ కాలంలో రాజమండ్రి పేరు మీదే జిల్లా ఉండేది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడ్డాక కేంద్రం కాకినాడకు వెళ్ళింది. అక్కడ ఓడరేవు ఉంది, వ్యాపారం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్ళీ విడగొట్టినప్పుడు తూర్పు గోదావరి జిల్లాకు రాజమహేంద్రవరం కేంద్రమైంది. పాత బాకీ తీరినట్టు ఊరు సంతోషించింది.

ఒక్కరోజే ఉంటాం, పిల్లలతో వస్తున్నాం. ఏ వరసలో చూడమంటారు?

పొద్దున్నే ఎండ ముదరక ముందు ధవళేశ్వరం వెళ్ళండి, కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ మీద కాసేపు నిలబడండి. అక్కడి నుంచి ఊళ్ళోకి వచ్చి వీరేశలింగం గారి ఇల్లు, టౌన్ హాలు. మధ్యాహ్నం భోజనం అయ్యాక దామెర్ల గ్యాలరీ, దానితో పాటు 1967లో మొదలైన రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం. ఆ మ్యూజియంలో నాణేలు, శిల్పాలు ఉన్నాయి. సెలవు రోజులు ముందే కనుక్కోండి, దూరం నుంచి వచ్చి తలుపులు మూసి ఉంటే పిల్లలు డీలాపడతారు.

సాయంత్రం ఐదింటికి గోదావరి గట్టుకు వచ్చేయండి. అక్కడ నుంచి పాత వంతెన, కమానుల వంతెన రెండూ కనిపిస్తాయి. పిల్లలను పాత వంతెన స్తంభాలు లెక్కపెట్టమనండి. మా ఇంట్లో పిల్లలు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఒకే అంకె చెప్పలేదు.